ఆదివారపు ఇళ్ల ఊరు

టెక్సస్ రాజధాని ఆస్టిన్ నుంచి పడమరగా కారులో గంటన్నర వెళితే ఫ్రెడరిక్స్‌బర్గ్ వస్తుంది. జనాభా దాదాపు 11 వేలు. ఆ ఊళ్లో అక్కడక్కడా బుల్లి బుల్లి ఇళ్లు కనిపిస్తాయి. కింద ఒక గది, మహా అయితే రెండు. పైన అటకలాంటి చిన్న గది. చాలా ఇళ్లలో ఆ పై గదికి మెట్లు లోపల ఉండవు, బయటి గోడ వెంబడి ఉంటాయి. వీటిని ఆదివారపు ఇళ్లు అంటారు. పేరుకు తగ్గట్టే ఇవి ఎవరూ కాపురం ఉండటానికి కట్టినవి కావు. వారానికి ఒక రాత్రి, ఏదైనా పండగ వస్తే రెండు రాత్రులు తలదాచుకోవడానికి కట్టినవి.

వారానికి ఒక్క రాత్రి కోసం ఇల్లు కట్టుకునే అవసరం ఎవరికి వస్తుంది? దీనికి జవాబు కావాలంటే 1840లలో అక్కడికి వచ్చిన జర్మన్ కుటుంబాలకు ఏమని మాటిచ్చారో, చివరికి వాళ్ల చేతికి ఏం వచ్చిందో తెలుసుకోవాలి. ఆ కుటుంబాలు దాదాపు వందేళ్లు ఇంట్లో జర్మన్ ఎలా మాట్లాడుకోగలిగాయి, ఆ తర్వాత ఒక్క తరంలో ఎలా మానేశాయి అన్నది కూడా అక్కడే తెలుస్తుంది. ఇప్పుడే ఈ సంగతి చెప్పుకోవడానికి కారణం ఉంది. ఆ భాషను ఒడిలో నేర్చుకున్న ఆఖరి తరం ఇప్పుడు ముదిమి వయసులో ఉంది.

ముందు ఒక చిన్న చిక్కు విప్పుకోవాలి. వీళ్లను జర్మనీ నుంచి వచ్చినవాళ్లు అంటాం. కానీ వాళ్లు బయలుదేరినప్పుడు జర్మనీ అనే ఒక దేశం లేదు. అది 1871లో ఏర్పడింది. అంతకుముందు ఉన్నవి చిన్నా పెద్దా రాజ్యాలు: ప్రష్యా, హనోవర్, నాసౌ, హెస్సె, బ్రన్స్‌విక్. 1850, 1860 జనాభా లెక్కల్లో పుట్టిన చోటు దగ్గర ఇలాంటి పేర్లు కనిపిస్తాయి. అందుకే తాతముత్తాతల ఊరు వెతికేవాళ్లకు జర్మనీ అన్న మాట పెద్దగా సాయపడదు. ఏ రాజ్యం, ఏ పల్లె, ఏ చర్చి అన్నది తేలితే గానీ దారి దొరకదు.

ఎందుకు బయలుదేరారన్నది కూడా ఆ రాజ్యాన్ని బట్టే ఉంటుంది. నాసౌ వంటి చోట్ల తండ్రి పోతే భూమిని పిల్లలందరికీ పంచేవారు. మనకు బాగా తెలిసిన వ్యవహారమే. మూడు తరాలు పంచుకునేసరికి గట్లు ఎక్కువై చేను తక్కువవుతుంది. హనోవర్ వంటి వాయవ్య ప్రాంతాల్లో దీనికి పూర్తిగా విరుద్ధమైన పద్ధతి ఉండేది. పొలమంతా ఒక్క కొడుక్కే. మిగిలినవాళ్లు పాలేర్లుగానో, అదే పొలంలో చిన్న ముక్క అద్దెకు తీసుకుని చాకిరీతో బాకీ తీర్చే కౌలుదార్లుగానో మిగలాలి. ఒకచోట పంపకం వల్ల, మరోచోట పంపకం లేకపోవడం వల్ల, రెండుచోట్లా పడుచువాళ్లకు నేల చాలలేదు. దానికి తోడు 1845 నుంచి బంగాళాదుంప పంటకు తెగులు పట్టింది. పేదల కంచంలో ఉండేది అదే.

సరిగ్గా ఆ రోజుల్లో ఒక సంఘం ముందుకు వచ్చింది. 1842లో రైన్ నది ఒడ్డున బీబ్రిఖ్ అనే చోట కొందరు ప్రభువులు, జమీందారులు కూడి దాన్ని పెట్టారు. జనం దాన్ని ఆడెల్స్‌ఫెరైన్ (కులీనుల సంఘం) అన్నారు. పేదలకు దారి చూపడం, తమ సరుకుకు కొత్త అంగడి వెతుక్కోవడం, కాస్త పేరు సంపాదించుకోవడం అన్నీ ఆ ఆలోచనలో కలిసి ఉన్నాయి. పథకం వినడానికి బాగుండేది. ఒంటరి మగవాడు 120 డాలర్లు, కుటుంబం 240 డాలర్లు సంఘం దగ్గర జమ చేయాలి. బదులుగా ఓడ ప్రయాణం, టెక్సస్‌లో బండి ప్రయాణం, ఒక కర్ర ఇల్లు, మొదటి పంట చేతికొచ్చేదాకా అరువు మీద సరుకులు, ఒంటరివాడికి 160 ఎకరాలు, కుటుంబానికి 320 ఎకరాలు.

లోపం ఎకరాల దగ్గర ఉంది. సంఘం 1844లో కొన్నది భూమి కాదు. లానో, కొలరాడో నదుల మధ్య 30 లక్షల ఎకరాలకు పైబడిన నేలలో జనాన్ని స్థిరపరిచే హక్కు మాత్రమే. అప్పుడు వేరే దేశంగా ఉన్న టెక్సస్ రిపబ్లిక్ ఫిషర్, మిల్లర్ అనే ఇద్దరికి ఇచ్చిన కాంట్రాక్టు అది. గడువులోగా కొలతలు వేయించి మనుషుల్ని దింపకపోతే కాగితం చెల్లదు. ఆ నేల తీరానికి వందల మైళ్ల దూరం. పైగా అది కమాంచీ జాతి వాళ్లు వేటాడుకునే, బతికే నేల. కొనేముందు దాన్ని చూసి వద్దామని సంఘంలో ఎవరికీ తోచలేదు. ఓడ టిక్కెట్ల సంగతి అంత జాగ్రత్తగా లెక్కవేసిన పెద్దమనుషులు అసలు సరుకు చూడకుండా ఎలా కొన్నారో, ఎన్నిసార్లు చదివినా నాకు మింగుడుపడదు.

1844 నుంచి 1847 మధ్య ఈ సంఘం ద్వారా ఏడు వేల మందికి పైగా టెక్సస్ తీరానికి చేరారు. మొదటి ప్రతినిధి సోల్మ్స్ యువరాజు కార్ల్ 1845 మార్చిలో న్యూ బ్రౌన్‌ఫెల్స్ అనే మజిలీ ఊరు వేసి, అప్పులు మిగిల్చి వెళ్లిపోయాడు. తరువాత వచ్చిన మ్యూసెబాక్ బారన్ బిరుదును పక్కన పెట్టి జాన్ అని పేరు మార్చుకున్న మనిషి. అప్పులు తీర్చడం, కొత్తగా దిగుతున్నవాళ్లకు తిండి పెట్టడం, భూమి దగ్గరికి దారి వేయడం, ఈ మూడూ ఆయన నెత్తిన పడ్డాయి.

1846లో అమెరికాకు, మెక్సికోకు యుద్ధం వచ్చింది. వలస వచ్చినవాళ్లను లోపలికి చేర్చాల్సిన బండ్లను సైన్యం ఎక్కువ కిరాయి ఇచ్చి తీసుకుపోయింది. ఇండియనోలా రేవు దగ్గర ఇసుకలో, డేరాల్లో, గోతుల్లో వేల మంది చిక్కుబడ్డారు. వాన, చలి, చెడు నీరు. జ్వరాలు, రక్త విరేచనాలు పట్టుకున్నాయి. తీరంలోనూ, నడిచి వెళ్లిన దారి పొడుగునా వందల మంది పోయారు.

కుటుంబ చరిత్రలు చదివేటప్పుడు ఈ ఇసుక రేవును గుర్తుంచుకోవాలి. ఈ చరిత్రలు రాసేది బతికి, నిలిచి, పిల్లల్ని కన్నవాళ్ల మనవలు, మునిమనవలు. రేవులో మొత్తంగా తుడిచిపెట్టుకుపోయిన కుటుంబానికి రాసే మనవడు ఉండడు. ఓడ జాబితాలో పేరు కనిపించి తరువాత మరే కాగితంలోనూ కనిపించకపోతే, అది చాలాసార్లు గుమాస్తా పొరపాటు కాదు.

మ్యూసెబాక్ దారి మధ్యలో మరో మజిలీ కోసం పెడర్నాలెస్ నదికి దగ్గరలో పది వేల ఎకరాలు అరువు మీద కొన్నాడు. 1846 ఏప్రిల్ 23న న్యూ బ్రౌన్‌ఫెల్స్ నుంచి సుమారు 120 మంది ఎడ్లబండ్ల మీద బయలుదేరి పదహారు రోజులకు, మే 8న, అక్కడికి చేరారు. ప్రష్యా యువరాజు ఫ్రెడరిక్ పేరు పెట్టారు. అదే ఫ్రెడరిక్స్‌బర్గ్. ఒక్కో కుటుంబానికి ఊళ్లో ఇంటి స్థలం, ఊరి చుట్టూ పదెకరాల చెక్క ఇచ్చారు. 320 ఎకరాలు తరువాత సంగతి అన్నారు.

ఆ తరువాత సంగతి కమాంచీల మీద ఆధారపడింది. కాంట్రాక్టు గడువు 1847లో తీరుతుంది. కొలత గొలుసులు పట్టుకుని ఆ నేలమీద అడుగు పెట్టడానికి సర్వేయర్లు ఒప్పుకోవడం లేదు. ఆ చలికాలంలో మ్యూసెబాక్ స్వయంగా కొద్దిమందిని వెంటబెట్టుకుని సాన్ సాబా నది దగ్గరికి వెళ్లి కమాంచీల్లోని పెనటేకా తెగ పెద్దలతో మాట్లాడాడు. ఆయన ఎర్ర గడ్డం చూసి వాళ్లు ఎర్ర సూర్యుడు అని పేరు పెట్టారని చెబుతారు. 1847 మే 9న ఫ్రెడరిక్స్‌బర్గ్‌లో ఒప్పందం కుదిరింది. మూడు వేల డాలర్ల విలువైన కానుకలు తెగకు ఇవ్వాలి. జర్మన్లు వాళ్ల నేలలో కొలతలు వేసుకోవచ్చు, ఇళ్లు కట్టుకోవచ్చు. కమాంచీలు ఊళ్లోకి భయం లేకుండా వచ్చిపోవచ్చు.

ఎవరూ తప్పని ఒప్పందం అని ఆ ఊరివాళ్లు ఈనాటికీ గర్వంగా చెప్పుకుంటారు. ఆనాటి టెక్సస్‌లో అది మామూలు విషయం కాదు. అయితే కాగితం నిలిచింది గానీ ఒక పక్షం నిలవలేదు. 1849లో వచ్చిన కలరా ఫ్రెడరిక్స్‌బర్గ్‌లోనూ ప్రాణాలు తీసింది, పెనటేకాలనూ దెబ్బతీసింది. 1850లలో మిగిలినవాళ్లను ఒక హద్దులోకి చేర్చారు. 1859లో టెక్సస్ నుంచే ఉత్తరానికి, ఇప్పటి ఒక్లహోమాకు తరలించేశారు.

ఇంతకీ 320 ఎకరాలు? సంఘం 1847కల్లా దివాలా తీసింది. లానో ఒడ్డున వేసిన ఊళ్లలో కాస్టెల్ ఒక్కటే నిలబడింది. చాలా కుటుంబాలు భూమి పట్టాలను ఎంతో కొంతకు అమ్ముకుని ఫ్రెడరిక్స్‌బర్గ్ చుట్టూనే ఉండిపోయాయి. 1848లో దగ్గర్లో సైన్యం కోట కట్టడం, మరుసటి ఏడాది కాలిఫోర్నియా బంగారం కోసం పోయేవాళ్లు ఆ దారినే వెళ్లడం కలిసివచ్చింది. మొక్కజొన్న, వెన్న, పంది మాంసం కొనేవాళ్లు గుమ్మం ముందుకే వచ్చారు.

పదెకరాలు ఒక కుటుంబానికి చాలవు. అక్కడి నేల సున్నపురాయి గుట్టల నేల, దున్నేదానికన్నా మేపేదానికి పనికొస్తుంది. పశువులు మేపాలంటే వందల ఎకరాలు కావాలి. కాబట్టి డబ్బు కూడినకొద్దీ కుటుంబాలు పది, పదిహేను మైళ్ల దూరంలో పెద్ద కమతాలు కొనుక్కుని అక్కడికి మారాయి. ఊళ్లో ఇంటి స్థలం మాత్రం అలాగే ఉంది. చర్చి, అంగడి, వైద్యుడు ఉన్నది ఊళ్లోనే. గుర్రపు బండి మీద ఒక్క రోజులో వెళ్లి, పనులు చూసుకుని, ప్రార్థన ముగించుకుని తిరిగి రావడం కుదరదు. అందుకని శనివారం వెన్నా గుడ్లూ బండిలో వేసుకుని వచ్చి, అమ్ముకుని, సరుకులు కొనుక్కుని, రాత్రికి ఊళ్లో పడుకుని, ఆదివారం చర్చి కాగానే బయలుదేరేవారు. ఆ ఒక్క రాత్రి కోసమే ఆ బుల్లి ఇల్లు. బయటి మెట్ల మీదుగా పిల్లలు అటక మీదికి ఎక్కి పడుకునేవారు. ఇప్పుడు కనిపించే ఆదివారపు ఇళ్లలో ఎక్కువ భాగం 1890లకూ 1920కీ మధ్య కట్టినవి. కమతం కొడుక్కి అప్పగించాక ముసలివాళ్లు ఆ ఇంట్లోనే శేషజీవితం గడిపిన సందర్భాలూ ఉన్నాయి.

ఈ ఏర్పాటుకు ఎవరూ అనుకోని ఫలితం ఒకటి ఉంది. వారమంతా ఎవరి కమతంలో వాళ్లు ఒంటరిగా ఉన్నా, ప్రతి శనివారం జర్మన్ మాట్లాడే జనమంతా ఒకచోట చేరేవారు. పెళ్లి చూపులు, బేరాలు, పాటల సంఘాలు, తుపాకీ గురి పోటీలు అన్నీ ఆ భాషలోనే. 1847లో కట్టిన ఎనిమిది పలకల చర్చిని కాఫీ మిల్లు అని ముద్దుగా పిలుచుకునేవారు. మొదట్లో అన్ని శాఖల క్రైస్తవులకూ అదే గుడి, అదే బడి కూడా. 1877లో జర్మన్ వారపత్రిక మొదలైంది. భాషను కాపాడాలని ఎవరూ తీర్మానం చేయలేదు. వేరే భాష అవసరం పడకుండా వారం గడిచిపోయేది, అంతే.

అలాగని ఊరంతా ఒక్క మాట మీద ఉండేదని అనుకోకూడదు. దీనికి ఆ ఊళ్లో అందరికీ తెలిసిన నిమిట్జ్ కుటుంబమే సాక్ష్యం. బ్రెమెన్ రేవులో 1826లో పుట్టిన కార్ల్ హైన్‌రిఖ్ నిమిట్జ్ పద్నాలుగేళ్లకే ఓడల్లో పనికి కుదిరి, తరువాత అమెరికా వచ్చి, 1846లో ఫ్రెడరిక్స్‌బర్గ్ చేరాడు. చార్లెస్ హెన్రీ అయ్యాడు. సత్రం పెట్టాడు. తరువాత దానికి ఓడ ముందుభాగం ఆకారంలో కొత్త కట్టడం చేర్చాడు. సముద్రం లేని ఊళ్లో ఓడ!

1861లో అమెరికా నుంచి విడిపోవాలా అని టెక్సస్ ఓటేసినప్పుడు ఈ ఊరున్న గిలెస్పీ కౌంటీలో నూటికి 95 మందికి పైగా వద్దన్నారు. బానిసలున్న ఇళ్లు అక్కడ బహు తక్కువ. సరిహద్దును కాపాడేదీ, పంట కొనేదీ అమెరికా సైన్యమే. పైగా కొత్త దేశానికి విధేయులమని ప్రమాణం చేసి ఎన్నో ఏళ్లు కాలేదు. అయినా టెక్సస్ విడిపోయింది, అంతర్యుద్ధం మొదలైంది. మరుసటి ఏడాది నిర్బంధ సైనిక భర్తీ వచ్చింది. ఆ భర్తీ అధికారిగా విడిపోయిన దక్షిణాది పక్షాన పనిచేసినవాడు సత్రం నిమిట్జే. ఇరుగుపొరుగు కుటుంబాల యువకులు కొందరు మెక్సికో వైపు బయలుదేరారు. 1862 ఆగస్టు 10న నూయెసిస్ నది దగ్గర దక్షిణాది సైనికులు వాళ్ల మీద పడ్డారు. పోరులో పందొమ్మిది మంది చనిపోయారు. గాయపడి దొరికిన తొమ్మిది మందిని తరువాత కాల్చేశారు. యుద్ధం ముగిశాక ఎముకలు ఏరి తెచ్చి పక్క ఊరు కంఫర్ట్‌లో పాతిపెట్టారు. 1866లో పెట్టిన ఆ స్మారకం మీది అక్షరాలు జర్మన్‌లో ఉన్నాయి. యూనియన్ (అమెరికా సమాఖ్య) పట్ల విధేయత అని వాటి అర్థం.

సత్రం నిమిట్జ్ కొడుకుల్లో ఒకడు పెళ్లయిన కొద్దికాలానికే పోయాడు. అతని భార్య ఆన్నా హెంకె, కసాయి కొట్టు నడిపే కుటుంబంలో పిల్ల, అప్పటికి గర్భవతి. 1885 ఫిబ్రవరి 24న ఆమెకు పుట్టిన బిడ్డ చెస్టర్. తరువాత ఆమె మరిదిని పెళ్లాడి కెర్‌విల్ అనే పక్క ఊరికి వెళ్లింది. తండ్రి లేని పిల్లవాడికి సముద్రం కథలు చెప్పినవాడు తాత. ఆ మనవడే రెండో ప్రపంచ యుద్ధంలో పసిఫిక్ నౌకాదళాన్ని నడిపి, 1945 సెప్టెంబరు 2న జపాన్ లొంగుబాటు పత్రం మీద అమెరికా తరఫున సంతకం చేసిన అడ్మిరల్ నిమిట్జ్. తాత సత్రం ఇప్పుడు పసిఫిక్ యుద్ధ మ్యూజియంలో భాగం.

ఇంట అడ్మిరల్ పుట్టని కుటుంబాలు తమ కథను ఎలా పట్టుకుంటాయి? కాగితం ఎక్కడ పుడుతుందో చూస్తే పద్ధతి అర్థమవుతుంది. డబ్బో, భూమో, పన్నో, బాప్తిస్మమో ఉన్నచోట ఎవరో ఒకరు రాసి పెడతారు. ఓడ జాబితాలు, సంఘంతో చేసుకున్న ఒప్పందాలు, భూమి పట్టాలు మొదటి మెట్టు. జనాభా లెక్కలు రెండోది. కానీ 1890 లెక్కల్లో చాలా భాగం 1921 అగ్నిప్రమాదం తరువాత లేకుండా పోయింది. టెక్సస్‌లో జననాల నమోదు 1903లో గానీ గాడిన పడలేదు. అందుకే 1880 నుంచి 1900 వరకు ఇరవై ఏళ్ల ఖాళీ వస్తుంది. దాన్ని పూడ్చేవి చర్చి పుస్తకాలే. అవి పాత జర్మన్ గొలుసుకట్టు రాతలో ఉంటాయి. ఈనాటి జర్మన్లకే ఆ రాత చదవడం కష్టం.

పేర్ల దగ్గర తొందరపడితే చెట్టు తప్పుగా అల్లుకుంటుంది. ఒకే ఇంట్లో ముగ్గురు అన్నదమ్ములూ యోహాన్‌లే కావచ్చు. మొదటిది బాప్తిస్మపు పేరు, పిలిచేది రెండోదో మూడోదో. చర్చిలో యోహాన్ హైన్‌రిఖ్ అయినవాడు జనాభా లెక్కల్లో హెన్రీ అవుతాడు, సమాధి రాయి మీద మళ్లీ హైన్‌రిఖ్. బిడ్డ చనిపోతే తరువాతి బిడ్డకు అదే పేరు పెట్టేవారు. వాయవ్య జర్మనీలో ఇంకో ఆచారం ఉండేది. పొలానికి ఒక పేరు, ఆ పొలంలో ఉండేవాళ్లకు అదే ఇంటిపేరు. ఆడపిల్లకు పొలం వస్తే, ఆమెను చేసుకుని వచ్చినవాడు తన పేరు వదిలి పొలం పేరు పెట్టుకోవాలి. ఇల్లరికపు అల్లుడి ఇంటిపేరు మారడమన్నమాట. ఈ సంగతి తెలియక తండ్రికీ కొడుక్కీ ఇంటిపేరు కలవడం లేదని దారి తప్పినవాళ్లు ఎందరో.

ఊరికి యాభై ఏళ్లు నిండినప్పుడు, 1896లో, వారపత్రిక నడిపిన రాబర్ట్ పెనిగర్ జర్మన్‌లో ఒక సంచిక తెచ్చాడు. మొదట వచ్చినవాళ్లు ఇంకా బతికి ఉండగా రాసింది కాబట్టి దానికి విలువ ఎక్కువ. తరువాత 1960లోనూ 1974లోనూ కౌంటీ చరిత్ర సంఘం కుటుంబాల కథలను రెండు సంపుటాలుగా వేసింది. అవి ఇంగ్లీషులో ఉన్నాయి. 1896 సంచికకూ ఈ సంపుటాలకూ మధ్య భాష మారిపోయింది.

మారడం ఒక్క దెబ్బతో జరగలేదు. 1917లో అమెరికా జర్మనీతో యుద్ధంలోకి దిగింది. మరుసటి ఏడాది టెక్సస్ ప్రభుత్వ బడుల్లో బోధన ఇంగ్లీషులోనే జరగాలని చట్టం గట్టిపడింది. 1919లో గవర్నర్ హాబీ టెక్సస్ విశ్వవిద్యాలయంలో జర్మన్ శాఖకు నిధులే రద్దు చేశాడు. అయితే నా అంచనాలో చట్టం కంటే ఎక్కువ పని చేసింది రోడ్డు. కారు వచ్చాక పదిహేను మైళ్లు అరగంట. ఆదివారపు ఇంటి అవసరం తీరిపోయింది, దాంతోపాటు శనివారపు జనసందోహమూ తగ్గింది. రెండో యుద్ధం పడుచువాళ్లను దూరాలకు పంపింది. వాళ్లు జర్మన్ రాని భార్యలతో తిరిగి వచ్చారు, లేదా పట్నాల్లో ఉద్యోగాలకు పోయారు. భార్యాభర్తల్లో ఒకరికి రాని భాష పిల్లల దాకా చేరదు. వారపత్రిక 1940లలో ఆగిపోయింది.

1940 ప్రాంతంలో టెక్సస్‌లో జర్మన్ మాట్లాడేవాళ్లు లక్షా అరవై వేల మంది దాకా ఉండేవారు. 2001లో హాన్స్ బోయాస్ అనే భాషా శాస్త్రవేత్త ఆస్టిన్‌లోని విశ్వవిద్యాలయం నుంచి వాళ్ల మాటలు రికార్డు చేయడం మొదలుపెట్టేసరికి కొన్ని వేల మంది మిగిలారు. దాదాపు అందరూ పెద్దవాళ్లే.

ఆ మాటల్లో ఊరి చరిత్ర దాగి ఉంది. విమానాన్ని వాళ్లు లుఫ్ట్‌షిఫ్ (గాలి ఓడ) అంటారు. ఇప్పటి జర్మనీలో వాడే మాట వేరు. విమానం పుట్టేనాటికి వీళ్లు వచ్చి అరవై ఏళ్లయింది, కనుక ఉన్న మాటలతోనే కొత్త మాట కట్టుకున్నారు. పాత ఊళ్లో ఎన్నడూ చూడని కంపు కొట్టే జంతువు స్కంక్ కనబడితే కంపు పిల్లి అన్నారు. కారును కారనే అన్నారు.

ఇప్పుడు ఆదివారపు ఇళ్లను చాలావాటిని శని, ఆదివారాల్లో వచ్చే పర్యాటకులకు అద్దెకు ఇస్తున్నారు. వేసవిలో పీచ్ పళ్ల కోసం, ద్రాక్షతోటల కోసం ఆస్టిన్ నుంచి జనం వస్తారు. అక్కడ స్థిరపడ్డ మన తెలుగువాళ్లూ వారిలో ఉంటారు. ఊళ్లో ఎనభై దాటినవాళ్లు కొందరు ఇప్పటికీ తమలో తాము జర్మన్‌లో పలకరించుకుంటారు. వాళ్ల పిల్లల్లో చాలామందికి ఆ భాష అర్థమవుతుంది గానీ నోరు తిరగదు. మనవలకు మిగిలింది సాసేజ్ పేర్లు, ఉడికించి చేసే ఒక జున్ను పేరు, తిట్లు రెండో మూడో.